ముడి వేయని సున్న

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు డిటెక్టివ్ హేమావతి ముదిగుబ్బ బస్టాండు పక్క సందులోని నెట్ సెంటర్ మెట్లెక్కింది. సాయంత్రం ఐదు లోపు, హత్య కేసులో పట్టుబడ్డ గొర్రెల కాపరి ఓబన్నను కోర్టులో నిలబెట్టి, అటు నుంచి అటే జైలుకు పంపిస్తారు. బెయిలు దొరికేసరికి అతని మంద చెల్లాచెదురవుతుంది, పదో తరగతి రాసిన కూతురు లక్ష్మీదేవి కూలికి పోతుంది. ఈ సంగతి ఓబన్న భార్య హనుమంతమ్మ పొద్దున్నే చెప్పింది, కన్నీళ్లేమీ పెట్టుకోకుండా, వానల గురించి చెప్పినంత మామూలుగా. ఆమె ఏడ్చి ఉంటే హేమావతికి ఇంత దిగులు పట్టుకునేది కాదు.

హేమావతి గుంతకల్లు రైల్వే ఆఫీసులో పదహారేళ్లు పనిచేసింది. రైళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయో డ్రైవర్లూ గార్డులూ రాసుకునే సంజాయిషీలు చదవడమే ఆమె ఉద్యోగం. చదివి చదివి, మనిషి ఏ నిమిషం దగ్గర అబద్ధం మొదలుపెడతాడో పసిగట్టడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. ఊళ్లో వాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది తరవాత ఏదో ఒక పనిమీద ఆమె గుమ్మం ఎక్కినవాళ్లే.

కేసు చూడ్డానికి ముక్కుసూటిగా ఉంది. మంగళవారం గోరంట్ల శివార్లలో గొర్రెల వ్యాపారి ఈరప్పను అతని గడ్డి షెడ్డులోనే ఎవరో సన్నటి తాడుతో గొంతు బిగించి చంపారు. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు అతను సెల్లులో భార్యతో మాట్లాడుతుండగా మాట మధ్యలో గొంతు పట్టేసినట్టయి ఫోన్ తెగింది. కాబట్టి చావు సమయం గురించి ఎవరికీ తగాదా లేదు. ఈరప్ప వ్యాపారంలో భాగస్తుడు అంజినప్ప పోలీసులకు ఫిర్యాదిచ్చాడు. పోయిన వారం సంతలో ఓబన్న నలుగురి ముందు ఈరప్ప పీక పిసుకుతానన్నాడని కూడా అతనే చెప్పాడు. అది నిజమే. ఈరప్ప అమ్మిన రోగిష్టి పొట్టేలు వల్ల ఓబన్న మందలో పదిహేడు గొర్రెలు చచ్చాయి.

బుధవారం సాయంత్రం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మారుతి ఓబన్నను పట్టుకున్నాడు. ఒళ్లు తడిమితే నడుముకు చుట్టుకున్న సన్నటి ఉన్ని తాడు ఒకటి దొరికింది. ఇంకేం కావాలి? మంగళవారం పదకొండు గంటలకు కూతురి రిజల్టు చూపించుకోవడానికి ముదిగుబ్బ నెట్ సెంటర్‌లో ఉన్నానని ఓబన్న మొత్తుకున్నాడు. అదే నిజమైతే, రెండు బస్సులు మారి పోవలసిన గోరంట్లలో అదే సమయానికి అతను ఉండలేడు. కానీ సెంటర్ యజమాని లక్ష్మీపతి, అలాంటి మనిషి రానేలేదని వాంగ్మూలం ఇచ్చేశాడు.

ఆ లక్ష్మీపతి ఇప్పుడు హేమావతి ఎదురుగా కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మంగళవారం ఎవరెవరు వచ్చారో చూడాలని ఆమె రిజిస్టర్ అడిగింది. రిజిస్టర్ లేదన్నాడు. జనం ఎక్కువగా ఉండి రాయలేదన్నాడు. నెట్ సెంటర్లన్నీ రాసి తీరాలని పోలీసులు నోటీసు ఇచ్చినా రాయలేదా అంటే, ఆ ప్రశ్న తనది కాదన్నట్టు ఫ్యాను వైపు చూశాడు.

"ఆ మనిషి రాలేదు మేడమ్. సార్‌కూ అదే చెప్పినా," అన్నాడు ఉన్నట్టుండి.

"యా మనిషప్పా? నేనింగా పేరు చెప్పలేదు గదా."

లక్ష్మీపతి మొహం పాలిపోయింది. గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్న హనుమంతమ్మ తల తిప్పి లోపలికి చూసింది. హేమావతి ఇంక రెట్టించలేదు. భయపడ్డ మనిషిని తరిమితే ఇంకా గట్టి అబద్ధంలో దూరతాడని ఆమెకు తెలుసు. నెమ్మదిగా, రిజల్టులు ఏ కంప్యూటర్‌లో చూపించావని మాత్రం అడిగింది. నాలుగింటిలో మూడు పాతవి. టేబుల్ పక్కన ఉన్నది ఆ ఏడాదే, అంటే రెండువేల తొమ్మిదిలో కొన్నది. పేజీలు దాంట్లోనే తొందరగా వస్తాయి కాబట్టి రిజల్టులన్నీ దాంట్లోనే చూశానన్నాడు. చూసుకోమని తనే కుర్చీ జరిపాడు కూడా. మంగళవారమే మొత్తం తుడిచేశానని, ఏమీ దొరకదని చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది.

హేమావతి ముందు సి డ్రైవ్‌లో ఎంత చోటుందో చూసింది. గీత నిండా ఎరుపు. వేలెడంత చోటు కూడా మిగల్లేదు.

మొత్తం తుడిచేస్తే ఇంత నిండుగా ఎందుకుందని ఆమె అడిగింది. ఇక్కడ లక్ష్మీపతి భయం మరిచిపోయి తన గోడు వెళ్లబోసుకున్నాడు. చూసిన పేజీనే మళ్లీ చూస్తే తొందరగా రావాలని, రిజల్టుల ముందు టెంపరరీ ఫైళ్లకు చోటు పెంచి వెయ్యిన్ని ఇరవైనాలుగు ఎంబీ చేశాడట. అప్పటి నుంచి డ్రైవ్ నిండిపోతోంది. ప్రతి సాయంత్రం తుడుస్తాడు, ఒక్క ఎంబీ తగ్గదు. బాగుచేసేవాణ్ని రెండుసార్లు పిలిపించినా లాభం లేకపోయింది. ఇది అచ్చిరాని కంప్యూటరని తేల్చేశాడు.

"యెట్ల తుడుస్తావో నా ముందర చెయ్యి. ఆఖరి బటన్ మాత్రం నొక్కద్దు," అంది హేమావతి.

అతను బ్రౌజర్ గుర్తు మీద కుడివైపు నొక్కి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచి, అనుమతి కావాలా అని కంప్యూటర్ అడిగితే దర్జాగా ఔనన్నాడు. మామూలుగా తెరిస్తే మామూలుగానే తుడుస్తుందని, యజమాని హోదాలో తెరిస్తే అడుగుదాకా తుడుస్తుందని అతని నమ్మకం. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకున్నాడు. హేమావతికి తన పాత తిప్పలు గుర్తొచ్చాయి. గుంతకల్లు ఆఫీసులో తన కంప్యూటర్ కూడా రెండు నెలలు ఇలాగే నిండిపోయింది. ఒక ఆదివారమంతా కూర్చుని, అడ్డమైన తిట్లూ తిట్టి, ఆ దొంగ ఎక్కడ దాక్కున్నాడో ఆమె పట్టుకుంది.

విషయం ఇది. ఈ కొత్త కంప్యూటర్లలో బ్రౌజర్‌ను మామూలుగా తెరిస్తే కాపలాలో నడుస్తుంది. బయటి నుంచి వచ్చే పేజీలను అది నమ్మదు. వాటి కాపీలను మిగతా వాటిలో కలవనివ్వకుండా, మామూలుగా కంటికి కనబడని వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. యజమాని హోదాలో తెరిస్తే ఆ కాపలా ఉండదు, ఆ ఫోల్డర్ జోలికీ పోదు. లక్ష్మీపతి రోజూ తుడుస్తున్నది ఎవరూ వాడని ఖాళీ గదిని. మనుషులు వచ్చి చూసిపోయిన పేజీలన్నీ పక్క గదిలో పదిలంగా ఉన్నాయి.

హేమావతి దాచిన ఫైళ్లను చూపించమని కంప్యూటర్‌కు చెప్పి, ఒక్కో ఫోల్డరూ దిగుతూ పోయింది. ఆ ఫోల్డర్ దొరికింది. బరువు చూసింది. వెయ్యిన్ని పద్దెనిమిది ఎంబీ.

చోటు ఇంక ఆరు ఎంబీలే ఉంది. అది నిండితే కొత్త పేజీ వచ్చిన ప్రతిసారీ పాత పేజీ పోతుంది. మంగళవారం తరవాత ఈ కంప్యూటర్ ఎంతసేపు వాడావని అడిగింది. భయమేసి నిన్నంతా సెంటర్ మూసేశానని, ఈరోజు కూడా ఆమె వచ్చే ముందే తెరిచానని లక్ష్మీపతి ఒప్పుకున్నాడు. అతని పిరికితనానికి హేమావతి మనసులోనే దండం పెట్టింది.

సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది.

మారుతి లోపలికి వస్తూనే గది మొత్తాన్ని ఒక చూపు చూశాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, చంకలో కేసు కాగితాల ఫైలు. చెడ్డవాడు కాదు. పట్టినదాన్ని వదలడం చేతకాని మనిషి, అంతే. పోయిన ఏడాది ధర్మవరం పట్టుచీరల దొంగతనంలో అతను పట్టుకున్న ముద్దాయిని హేమావతి నిర్దోషిగా విడిపించింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"నా సాక్షిని బెదిరిస్తాండారంట. మీకు ఏం అధికారముండాది మేడమ్?"

ఓబన్న చూపించుకున్న పేజీ ఇక్కడే ఉండొచ్చని హేమావతి చెప్పింది. మారుతి నవ్వాడు. నెట్ అంటే తనకూ తెలుసన్నాడు. తుడిచేసిన దాంట్లో ఏముంటుంది, ఇప్పుడే రిజల్టుల సైటు తెరిచి చూపిస్తానంటూ మౌస్ మీద చెయ్యి వేశాడు. ఒక్క క్లిక్కు చాలు. బొమ్మలతో సహా ఆ సైటు వచ్చి పడితే ఆరు ఎంబీలు ఎంతసేపు? హేమావతి వంగి, గోడ నుంచి వచ్చే నెట్ వైరును చటుక్కున పీకేసింది.

పోలీసు అధికారి పనికి అడ్డొస్తున్నావంటూ మారుతి గొంతు పెంచాడు. హేమావతి పెంచలేదు. ఏ రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చదివినంత చల్లగా రెండు గదుల సంగతి, ఆరు ఎంబీల సంగతి చెప్పింది. మారుతికి సగమే అర్థమైంది. అర్థమైనట్టు తల ఊపడం అతనికి రాదు కాబట్టి ఊరికే నిలబడ్డాడు. గుమ్మంలో నిలబడి వింటున్న హనుమంతమ్మకు మాత్రం చప్పున అందింది.

"సంతలో కొన్న గొర్రెను వచ్చిన దినమే మందలో కలపం సార్. రోగముంటాదని పదైదు దినాలు వేరే దొడ్లో కట్టేస్తాం. ఈయప్ప ఇంటి దొడ్డి ఊడ్సినాడు. సంత దొడ్డి ఊడ్సలేదు. అంతే గదా అక్కా?"

అంతేనంది హేమావతి. రెండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుంటే తనకు అర్థమైన సంగతి ఇంత తేలిగ్గా తేలిపోయిందని కొంచెం అసూయ కూడా పడింది. మారుతి గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఇచ్చాడు.

ఫోల్డర్‌లో వేలకొద్దీ పేర్లున్నాయి. ప్రతి పేజీ పక్కన దాని చిరునామా, చిరునామా చివర హాల్‌టికెట్ నంబరు, అది వచ్చిన తేదీ, సమయం. హేమావతి వాటిని సమయం వరసలో పేర్చి మంగళవారం పదకొండు దగ్గర ఆగింది. తన చేతి గడియారంతో కంప్యూటర్ గడియారాన్ని పోల్చింది. నిమిషం కూడా తేడా లేదు. హనుమంతమ్మ కొంగు ముడిలోంచి కూతురి హాల్‌టికెట్ తీసి ఇచ్చింది. 3420516.

ఆ నంబరు దొరికింది. పదకొండూ పద్నాలుగు.

హేమావతి కుర్చీలో వెనక్కి వాలింది. మారుతి వాలలేదు. పిల్లదో, పిల్ల స్నేహితురాలో, ఊళ్లో ఇంకెవరో చూసి ఉండొచ్చు కదా అన్నాడు. ఆ పేజీ ముందు కూర్చున్నది ఓబన్నే అని ఏముంది? చెడ్డ ప్రశ్న కాదు. కోర్టులో ఎవరైనా అదే అడుగుతారు. హేమావతి మళ్లీ తెర మీదికి వంగింది. దానికి ముందు ఇంకో రెండు పేజీలున్నాయి. పదకొండూ పదకొండుకు 3042516, అలాంటి నంబరు లేదని జవాబు. పదకొండూ తొమ్మిదికి 342516, దానికీ అదే జవాబు.

"ఇది ఆరంకెలే," అన్నాడు మారుతి. "సొంత బిడ్డ నంబరు ఇంత తప్పుగా చెప్తాడా తండ్రి?"

హేమావతి ఆ రెండు నంబర్లనూ మళ్లీ చదివింది. చదువురాని మనిషి అంకె మరిచిపోయాడని సరిపెట్టుకోవచ్చు. కానీ మరిచిపోయింది సున్ననే ఎందుకు? రెండోసారి అంకెలన్నీ అవే, సున్న ఒక్కటే వేరే చోట వచ్చి కూర్చుంది. అంటే నంబరు చెబుతున్న మనిషికి సున్న ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఆమె హనుమంతమ్మ వైపు తిరిగి, మంగళవారం పొద్దున ఓబన్న ఆ నంబరును చీటీ మీద రాయించుకుని పోయాడా అని అడిగింది.

రాసిస్తానని పాప అందట, ఈయనే వద్దన్నాడట. చెమటకు చీటీ తడిసిపోతుందన్నాడు. పాప ఒక్కో అంకె చదువుతుంటే, గొర్రెల లెక్క వేసుకున్నట్టే, ఉన్ని తాడుకు ముడులు వేసుకున్నాడు.

"మూడంటే మూడు ముడులు, నాలుగంటే నాలుగు. మేకలు, గొర్లు, పిల్లలు, అన్నీ అట్లనే లెక్క పెడతాడు," అంది హనుమంతమ్మ.

"సున్నకు?"

"సున్నకు ముడి యాడిది అక్కా? ఏమీ లేనిదానికి ఏం ముడేస్తాం?"

మారుతి చంకలోని ఫైలు మెల్లగా టేబుల్ మీదికి దిగింది. అతనికి ఉన్న ఒక గొప్ప గుణం, పంచనామా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయించడం. ఓబన్న నడుముకు దొరికిన తాడు పొడుగెంత, రంగేమిటి, ఎన్ని ముడులున్నాయి, అన్నీ దగ్గరుండి లెక్కపెట్టించాడు. గొంతు బిగించేటప్పుడు పట్టు జారకుండా వేసిన ముడులని కింద తన అభిప్రాయం కూడా రాశాడు. ఇప్పుడు ఆ కాగితం తీసి తనే పైకి చదివాడు, ఒక్కో మాటకీ గొంతు తగ్గిస్తూ.

"మూడు, నాలుగు, రెండు. కొంచెం ఎడం. ఐదు, ఒకటి, ఆరు. మొత్తం ఇరవై ఒక్క ముడి."

తెర మీద 342516 అలాగే ఉంది.

ఆ తాడు బుధవారం నుంచి పోలీసు సీలులో ఉంది. ఈ పేజీలు ఇక్కడ ఉన్నాయని ఒంటిగంట దాకా ప్రపంచంలో ఎవరికీ తెలియదు, వాటిని తుడవాలని ప్రయత్నించిన మనిషికి కూడా తెలియదు. కూతురే చూసి ఉంటే సున్న తప్పేది కాదు. ఆ తప్పు చేయగలిగిన మనిషి జిల్లా మొత్తంలో ఒక్కడే. ఈరప్ప ఫోన్ తెగడానికి మూడు నిమిషాల ముందు నుంచి, తెగాక రెండు నిమిషాల దాకా అతను ఈ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. మారుతి టోపీ తీసి టేబుల్ మీద పెట్టి, నుదురు తుడుచుకున్నాడు. తప్పు మనిషిని జైలుకు పంపబోయి ఆగిపోయినందుకు అతని మొహంలోనూ తేలిక కనిపించింది, కాస్త ఆలస్యంగా.

హనుమంతమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నీళ్లు అడిగింది. లక్ష్మీపతే పరుగెత్తి చెంబు తెచ్చాడు. తెచ్చి, ఆమె ఎదురుగా నిలబడి మొహం చూడలేక కళ్లు దించుకున్నాడు.

అబద్ధం ఎందుకు చెప్పావని మారుతి అడిగాడు. కొడతాడనుకున్నాడేమో, లక్ష్మీపతి రెండు అడుగులు వెనక్కి వేసి మొత్తం కక్కేశాడు. ఓబన్న వచ్చాడు, నిజమే. సున్న ఒకటుందని ఓబన్న అంటే, అది ఎక్కడుందో తనే రెండు చోట్ల పెట్టి చూశాడు, పాప పాసైందని తనే చెప్పాడు. కానీ రిజిస్టర్ రాయలేదు కాబట్టి కేసు తన మెడకు చుట్టుకుంటుందని బెదిరిపోయాడు.

"రిజల్టు చూసేకి ఓబన్న ఈడికే వస్తాడని ఊర్లో ఎవురో అన్న్యారంట, అంజినప్ప వచ్చి చెప్పినాడు సార్. గోరంట్లలో ఈరప్పను ఎవురో సంపినారు, పోలీసులొస్తారు, ఓబన్న ఈడికొచ్చినట్ల చెప్పినావంటే నీ షాపుకు సీలే, అంతా తుడిసెయ్ అన్న్యాడు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు."

"ఎప్పుడొచ్చినాడు?"

"మంగళవారమే సార్. నేను అన్నానికి పోబోతాంటే. రెండు గంటలప్పుడు."

హేమావతి నోరు తెరవబోయి ఆగింది. ఈ ఒక్కటి మారుతికి వదిలేయడం న్యాయమనిపించింది. అతను ఫైలులో ఇంకో కాగితం తిప్పాడు. ఈరప్ప ఇంటివాళ్లు గడ్డి షెడ్డు తాళం పగలగొట్టి శవాన్ని మొదట చూసింది సాయంత్రం నాలుగున్నరకు. అంజినప్ప స్టేషన్‌కు వచ్చి, ఇప్పుడే తెలిసిందని గుండెలు బాదుకుంటూ ఫిర్యాదిచ్చింది ఐదుకు పది నిమిషాల ముందు.

"రెండు గంటలకు చావు సంగతి తెల్సిన మనిషి ఒకడే ఉంటాడు మేడమ్," అన్నాడు మారుతి.

సెల్లు తీసి స్టేషన్‌కు కొట్టాడు. హెడ్ కానిస్టేబుల్ ఎత్తాడు. ఓబన్నను ఇంకో జీపులో ఎక్కించామని, బయల్దేరబోతున్నామని చెప్పాడు. అంజినప్ప ఎక్కడున్నాడని మారుతి అడిగాడు. కోర్టు దాకా తానూ వస్తానంటే అదే జీపులో ఓబన్న పక్కన కూర్చోబెట్టామన్నాడు హెడ్డు. మారుతి కళ్లు ఒక్కసారి మూసి తెరిచాడు. ఓబన్న బేడీ తీసి పక్కనున్నవాడి చేతికి వేయమని మెల్లగా, ముక్క ముక్కగా చెప్పాడు.

"అంజినప్పకా సార్ బేడీ?" అని హెడ్డు వీధంతా వినబడేలా అడిగాడు.

ఆ తరవాత ఫోన్‌లో ఏదో పడ్డ చప్పుడు. బూట్ల చప్పుడు, కేకలు, ఎవరో పట్టుకో పట్టుకో అనడం, గొలుసు గలగల. ఆ చప్పుళ్లు కూడా దూరమైపోయాయి. మారుతి పిలుస్తూనే ఉన్నాడు, పలికేవాళ్లు లేరు. హనుమంతమ్మ లేచి నిలబడింది. ఆ ఒక్క నిమిషంలో హేమావతికి చెడ్డ ఆలోచనలన్నీ వచ్చిపోయాయి. గొంతు బిగించడం తెలిసినవాడు అంజినప్ప. బేడీ ఉన్నది ఓబన్నకు.

చివరికి ఫోన్‌లో ఎవరిదో ఆయాసం వినిపించింది. మారుతి స్పీకర్ నొక్కాడు.

"సార్, నేను ఓబన్నను. మీ హెడ్డు సారు ఫోన్ పారేసి ఇంగా పరుగెత్తుతా వస్తాండాడు. ఈయప్ప జీపు దిగి ఉరికినాడు, ఎనక కాలు పట్టి పండేసినా. కదల్లేడు. అయితే బేడీ ఇంగా నా చేతికే ఉండాది. ఏం జేయమంటారు సార్?"

ఏళ్ల సర్వీసులో మారుతిని ఏ ముద్దాయీ ఇలాంటి ప్రశ్న అడగలేదు. ఫోన్ హనుమంతమ్మ చేతిలో పెట్టేశాడు. ఆమె దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"పట్టుకోనుండు. వదలద్దు," అంది. "మేం వస్తాండాం."